కాంగోదేశ రుంబాగానము: ఇష్టశబ్దార్థవిచారము

తూర్పు ఆఫ్రికాయందలి స్వాహిలీభాషలో పాతపాటలకు 'జిలిజోపెండ్వా' యని యొక పేరు వ్యవహారమున నున్నది. పద మొక్కటియే యైనను అందొక వాక్య మిమిడియున్నది. 'జి' యనునది పాటలను దెలుపు బహువచనచిహ్నము, 'లి' భూతకాలద్యోతకము, 'జో' మన యచ్ఛబ్దము చేయు పనిని జేయును, 'పెండ్' ప్రేమార్థకమగు ధాతువు, తుదినున్న 'వా' కర్మణిప్రయోగమును దెలుపును. 'ఏవి ప్రేమింపబడెనో యవి' యని సముదాయార్థము. నైరోబి, దారెస్సలాము నగరములందు గతశతాబ్దిలో రేడియోద్వారా వినబడిన పాటలకును, వానిలో కాంగోదేశమునుండి వచ్చిన రుంబాగీతములకును ఈ పేరు చెల్లుచున్నది.

ఈ పదమునందలి భూతకాలము విచారణీయము. ప్రేమింపబడిన వనగా నిపుడు ప్రేమింపబడుట లేదా? అట్లైనచో నేటికిని వానిని గోరి వినువారు చేయుచున్న పని యేమి? సంస్కృతవ్యాకరణమున క్తప్రత్యయము సామాన్యముగా భూతార్థమున వచ్చును. కాని యిచ్ఛ, జ్ఞానము, పూజ యను నర్థములుగల ధాతువులకు అదే ప్రత్యయము వర్తమానార్థమునను వచ్చునని పాణిని ప్రత్యేకముగా విధించెను. కావుననే 'ఇష్టము' అనగా నొకప్పుడు కోరబడి మానినది కాదు, ఇపుడును గోరబడుచున్నది. రూపము గతము, అర్థము ప్రస్తుతము. కాంగోరుంబానుగూర్చిన స్మరణమును దలచువారు ఈ భేదమును బాటింపకుండుటచేత కొందఱు దానిని వార్ధక్యచాపల్యమని త్రోసివేయుచున్నారు. మఱికొందఱు ఆ కాలమంతయు స్వర్ణయుగమని కొలుచుచున్నారు. రెండుపక్షములును దోషయుక్తములే.

కాంగోనదికి రెండుతీరముల రెండు రాజధానులు ఎదురెదురుగా నున్నవి. ఉత్తరతీరమున బ్రజావిల్; దక్షిణతీరమున కిన్షాసా. కిన్షాసాకు 1966 వఱకు లియోపోల్డ్‌విల్ అని పేరు. మొదటిది ఫ్రెంచివారి పాలనలోను, రెండవది బెల్జియమువారి పాలనలోను ఉండి 1960లో స్వతంత్రదేశములకు రాజధానులయ్యెను. రుంబా యీ రెండునగరముల యుమ్మడిసొత్తు. 1933 మొదలుకొని జి.వి. యను వరుసపేరుతో హెచ్.ఎమ్.వి. సంస్థవారు ఆఫ్రికాలో విక్రయించిన క్యూబాదేశపు గ్రామఫోను రికార్డులు దీనికి ముఖ్యహేతువులు. ఆ క్యూబాగానమో, ఆఫ్రికానుండి బానిసలుగా గొనిపోబడినవారి లయలును స్పెయినువారి తంత్రీగానమును గలిసి పుట్టినది. ఓడలపై పోయినది రికార్డులై మరలి వచ్చినది. వినినవారికి స్పానిష్ భాష రాదు. లయమాత్రము కొత్తగా దోపలేదు.

రుంబాశబ్దవ్యుత్పత్తినిగూర్చి యొక వాదము ప్రచారమందున్నది. కికోంగోభాషలో 'న్కుంబ' యనగా నాభి. నాభులు తాకునట్లాడు ప్రాచీననృత్యమే సముద్రముదాటి రుంబా యయ్యెనని చెప్పుదురు. వినుట కింపుగా నున్నదిగాని ధ్వనిసామ్య మొక్కటియే వ్యుత్పత్తికి జాలదు. అదియుంగాక ఆ రికార్డులపై రుంబా యని ముద్రింపబడిన పాటలలో బెక్కులు క్యూబాలో 'సోన్' అనబడు వేఱొకజాతిపాటలు. అమ్మకమునకై పెట్టినపేరు ఆఫ్రికాలో స్థిరపడినది. అశ్వకర్ణమను చెట్టుపేరునందు గుఱ్ఱపుచెవిని వెదకినవాడు ఆ చెట్టును దెలిసికొనజాలనట్లే, ఇచ్చట యోగమును వెదకుటకంటె రూఢిని గ్రహించుట మేలు. కాంగోవారు రుంబా యన్నది రుంబా.

తొలినాటి గాయకులలో పలువురు స్పానిష్‌నుబోలిన పలుకులను అర్థ మెఱుగకయే పాడిరి. అటుపిమ్మట లింగాలాభాషలో పాడిరి. ఆ లింగాలాపాటలను లింగాలా రాని కెన్యావారును, సముద్రమునకావల కొలంబియా తీరవాసులును వినిరి. కొలంబియాలో వీథులలో బెద్దశబ్దముతో బాటలు వినిపించు 'పికో' యంత్రములవారు ఈ రికార్డులకై పోటీపడిరి. అర్థము తెలియని పాటపై నింత మమకార మేల? ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున గీతశబ్దములకు వాచకత్వము లేకున్నను రసవ్యంజకత్వము గలదని యొప్పుకొనెను. ఆ సిద్ధాంతమునకు ఇంతకంటె విస్పష్టమగు నుదాహరణము దొరకుట యరుదు.

లింగాలా రుంబాకు ఆదిగీతముగా ననేకులు గణించునది 1948 నాటి 'మరీ లూయీజ్'. పాడినవాడు వెండో కొలొసొయ్. గిటారు వాయించినవాడు ఆన్రి బొవానె. గ్రీకుదేశీయుడగు జెరోనిమిదిస్ లియోపోల్డ్‌విల్‌లో స్థాపించిన న్గోమా సంస్థ దానిని రికార్డు చేసినది. వెండో నదిపై దిరుగు పడవలలో యంత్రపుబనివాడుగా నుండెను. ఆ పాటను అర్ధరాత్రమున వినిపించిన మృతులు లేతురని జనులు చెప్పుకొనిరి. క్రైస్తవమతాధికారులకు వానిపై గోపము గలిగినది. మృతసంజీవని మాట యటుండ, అందు విమర్శకుడు గమనింపదగిన యంశము వేఱొకటి కలదు. పాట ముగియవచ్చినపుడు గొంతు తగ్గి గిటారు ముందునకు వచ్చును. ఒక చిన్నపలుకును మరలమరల బలుకుచు నర్తకులను వృత్తములోనికి లాగును. ఈ భాగమునకే 'సెబెన్' అని పేరు. దీనికి బ్రాచుర్యము కల్పించిన కీర్తి బొవానెకు దక్కినది.

అనంతరకాలమున రెండు సంప్రదాయము లేర్పడెను. జోసెఫ్ కబసెలె 1953లో ఆఫ్రికన్ జాజ్ అను మేళమును స్థాపించెను. శిష్యులు వానిని 'గ్రాండ్ కల్లె' యనిరి. ఆ మేళమున నికొలాస్ కసండ బాల్యముననే ప్రధానగిటారు చేపట్టెను. అన్న డెషో తోడుగిటారు. కసండను శ్రోతలు డాక్టర్ నికో యనిరి. ఈ బిరుదును ఏ విశ్వవిద్యాలయమును ఇయ్యలేదు. ఇచ్చినవారు తప్పు చేయలేదు. నికో వాద్యమున బ్రతిస్వరమును విడివిడిగా, స్ఫుటముగా వినబడును. తీగె మీటినట్లుగాక యెవరో పాడినట్లుండును. ప్రసాదగుణమునకు వాద్యమున నిదర్శనము కావలసినవారికి అది చాలును.

రెండవసంప్రదాయము 1956 జూన్‌లో పుట్టిన ఓకే జాజ్‌ది. దానికి ప్రాణము ఫ్రాంకో యను పేర బ్రసిద్ధుడైన లువాంబో మకియాది. అతని తల్లి సంతలో పిండివంట లమ్మెడిది. బాలుడు తానే రేకుతోను తీగెలతోను గల్పించుకొన్న వాద్యముపై వాయించి కొనువారిని బిలిచెడివాడు. అతని గిటారు నికో గిటారువలె నునుపుగాదు. రెండుస్వరముల నొకేసారి గిల్లి, ఒకేపలుకును వదలక తిరిగితిరిగి పలికించును. వ్యాకరణమున దీనికి ఆమ్రేడితమని పేరు. ఆమ్రేడితమున బదము మాఱదు, భావము మాఱును. 'పో'యన్నమాటకును 'పోపో'యన్నమాటకును గల యంతరము బాలురకును దెలియును. ఫ్రాంకో పలుకును మూడవసారి విన్న చెవికి, అది మొదటిసారి విన్న పలుకు కాదు. నికో మేటియా, ఫ్రాంకో మేటియా యని పాతశ్రోతలు నేటికిని వాదులాడుదురు. ప్రసాదమున నికో యధికుడు. వినువానిని విడువక పట్టుటలో ఫ్రాంకోకు సాటిలేదు. ఒకదానికై రెండవదానిని దిగజార్చుట యనవసరము.

ఇక పూర్వపక్షము. పాతరుంబాను దలచుకొను వృద్ధులు చెప్పు కారణ మిది: మొదట నెమ్మదిగా సాగు పాట యుండెడిది, తరువాత వచ్చినవారు వేగమునకు లోబడి పాటను కుదించి సెబెన్‌ను పెంచిరి, అందుచే గానము చెడినది. 1969లో కిన్షాసాలో వెలసిన జైకో లంగాలంగా మేళముపై ఈ నింద ముఖ్యముగా మోపబడినది. ఆ యువకులు ఊదువాద్యములను వదలి, గిటారులను మృదంగస్థానీయమగు డ్రమ్ములను ముందునకు దెచ్చిరి. వారిలో నొకడైన పాపా వెంబా తరువాత జగత్ప్రసిద్ధుడై 2016 ఏప్రిల్‌లో ఆబిద్జాన్ నగరమున వేదికపై బాడుచునే కూలి మరణించెను.

ఈ నింద యున్నదున్నట్లుగా నిలువదు. సెబెన్ జైకోవారు కల్పించినది కాదు. 1948 నాడే యున్నది. దైర్ఘ్యమే దోషమన్నచో ఫ్రాంకో 1985లో వెలువరించిన 'మారియో' పది నిమిషములకు మించినది. ధనవతియైన పెద్దవయసు స్త్రీ యింట గూర్చుండి తినెడి చదువుకొన్న యువకునిగూర్చిన యా కథను వృద్ధులెవరును పొడవైనదని తప్పుపట్టరు. వేగమును గూడ తప్పనరాదు. నర్తనమునకై పుట్టిన గానమునకు వేగము దూషణమెట్లగును? ప్రాచీనమగుట యొక్కటియే గుణము కాదని కాళిదాసు మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలో నేనాడో తేల్చిన విషయమే.

అయినను వృద్ధుల వ్యథ నిరాధారము కాదు. వారు కారణమును దప్పుగా జెప్పిరిగాని లోపమును సరిగానే వినిరి. పదములు వాక్యమగుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును వలయునని శాస్త్రము. రుంబాలో నెమ్మదియైన మొదటిభాగము ఆకాంక్షను బుట్టించును. ఒక స్త్రీ పేరు, ఒక విరహము, ఒక యప్పు, ఒక నింద. కథ పూర్తిగాక నిలుచును. గాయకుడు చెప్పలేక మానినదానిని గిటారు చేపట్టును. అపుడు సెబెన్ ఆకాంక్షాపూరకము. పాటయు సెబెన్నును ఏకవాక్యమగును. మొదటిభాగము నామమాత్రమైనపుడు సెబెన్ ఎంత నేర్పుతో వాయింపబడినను, కర్తలేని క్రియవలె నుండును. ఆడుటకు జాలును, తలచుకొనుటకు జాలదు. మూడునిమిషముల పాతరికార్డు ఆ రెంటిని విడదీయుటకు జోటీయలేదు. ఇది యంత్రముయొక్క యిఱుకుచేత గలిగిన సన్నిధి. దానిని గొప్పకళానియమమని పొగడుట యతిశయోక్తి. జైకోవారి పాటలలోను అన్వయము చెడనివి కలవు. పాతవారి రికార్డులలోను అంగడికై హడావుడిగా జేసిన పొల్లు కలదు. కాలముంబట్టిగాక పాటనుబట్టియే తీర్పు చెప్పవలెను.

స్వర్ణయుగవాదులకు జెప్పవలసినది యింకను గలదు. 1950 ప్రాంతపు లియోపోల్డ్‌విల్‌లో ఐరోపావారి పట్టణము వేఱు, ఆఫ్రికావారి వాడలు వేఱు. రాత్రివేళ నొకదానినుండి మఱొకదానికి బోవుటకు నిర్బంధము లుండెను. తరువాత స్వదేశీయుడగు మొబుటు పాలనలో ఫ్రాంకో 1978లో అశ్లీలగీతముల నేరముపై జెఱసాలకు బోయెను. 1984లో ఆ మొబుటునే యెన్నుకొనుడని పాట కట్టెను. ఈ రెండును ఒకే మనుష్యుని చరిత్రము. పాటలలో స్త్రీల పేరులు లెక్కలేనన్ని. పాడిన స్త్రీలు తొలిదినములలో బహుస్వల్పము. లూసీ యెయెంగా వంటివా రుండిరి. ఎంబీలియా బెల్ టాబు లే రొషెరో మేళమున బాడి 1980 దశాబ్దిలో గీర్తి గడించువఱకు స్త్రీకంఠమునకు గలిగిన ప్రాధాన్యము మిక్కిలి తక్కువ. 'మరీ లూయీజ్' అని పిలువబడిన యామె యేమి బదులుచెప్పెనో యే రికార్డునను లేదు.

స్మరణము రసముగా మాఱుటకు గొప్పదృష్టాంతము వేఱొకటి. 1960 ఆరంభమున బ్రసెల్సులో బెల్జియము ప్రభుత్వమును కాంగోనాయకులును స్వాతంత్ర్యమునకై సమావేశమైరి. కబసెలె తన మేళముతో నచ్చటికి బోయెను. పోటీమేళమైన ఓకే జాజ్‌నుండి విక్కీ లొంగొంబాయు బ్రాజోస్‌ను ఆయనతో గలిసిరి. అచ్చట బుట్టిన 'అందెపాందాన్స్ చా చా' ఆఫ్రికాఖండమంతట మ్రోగెను. అందు నాయకుల పేరులు వరుసగా బాడబడినవి: కసవుబు, లుముంబా, కలోంజి, షోంబే మొదలగువారు. అది యొక యితరేతరద్వంద్వము. అందఱును సమప్రధానులు, సముచ్చయము నిర్విఘ్నము. జూన్ 30న స్వాతంత్ర్యము వచ్చెను. జూలై 11న షోంబే కటంగా రాష్ట్రము విడిపోయినదని ప్రకటించెను. 1961 జనవరి 17న లుముంబా యా కటంగాలోనే చంపబడెను. సమాసము విగ్రహము పాలయ్యెను. పాటమాత్రము రికార్డులో సమాసముగానే నిలిచినది. నికో గిటారులో నొక్కస్వరమును మాఱలేదు, కబసెలె కంఠమున నుత్సాహము తగ్గలేదు. మాఱినది శ్రోత తెలిసికొన్న విషయము. ఉత్సాహము స్థాయిగా గట్టబడిన పాట నేడు కరుణమును వ్యంజించుచున్నది. దానిని విని కంటదడిపెట్టువానిని వార్ధక్యచాపల్యముగలవాడని నవ్వుట తగదు. ఆ సభయందలి యాశను మోసమని యెఱిగియు నతడు నేటికిని గోరుచున్నాడు. పాణిని చెప్పిన వర్తమానార్థము సరిగా నిట్టిది.

కబసెలె 1983లోను, నికో 1985లోను, ఫ్రాంకో 1989లోను, టాబు లే 2013లోను గతించిరి. 2021 డిసెంబరులో యునెస్కో రెండుకాంగోల కోరికపై ఈ గానమును మానవజాతి వారసత్వపట్టికలో జేర్చినది. గౌరవమే; కాని పట్టికలో జేరిన వస్తువునకు క్తప్రత్యయము భూతార్థముననే స్థిరపడు భయము గలదు.

వెండో చిరకాలము మౌనముగా నుండి 1990 దశాబ్దిలో మరల బాడ మొదలిడెను. డెబ్బదియేండ్ల వయసున 'మరీ లూయీజ్'ను మరల రికార్డు చేసెను. 2008లో కిన్షాసాలో మరణించెను. రెండురికార్డులను బ్రక్కప్రక్కన బెట్టి విన్నవారికి కంఠములో నేబదేండ్ల యరుగుదల తెలియును. గొంతు తగ్గి గిటారు ముందునకు వచ్చు తావు మాత్రము రెండింటను ఉండవలసినచోటనే యున్నది.