తాకట్టు పడిన వేషాలు

1593 జనవరి 28న ఇంగ్లండు రాణి ఎలిజబెత్ కొలువులోని ప్రీవీ కౌన్సిల్ లండన్ నగరానికి ఒక తాఖీదు పంపింది. ప్లేగు మళ్లీ ముదురుతోంది కాబట్టి నగరంలోనూ చుట్టూ ఏడు మైళ్ల మేరలోనూ జనం గుమిగూడే వినోదాలన్నీ ఆపెయ్యాలి: నాటకాలు, ఎలుగుబంటి మీదికి కుక్కల్ని ఉసిగొల్పే ఆటలు, బంతులు దొర్లించే పందేలు. చర్చిలో ప్రార్థనలకు, ప్రసంగాలకు మాత్రం మినహాయింపు. చర్చిలో పక్కపక్కన నిలబడితే అంటని రోగం నాటకశాలలో నిలబడితే ఎందుకు అంటుతుందని ఎవరూ అడగలేదు. నగరపెద్దలకు నాటకమంటే మొదటినుంచీ కిట్టదు.

ఆ తాఖీదుతో థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున ఉన్న రోజ్ నాటకశాల మూతపడింది. అందులో ఆడుతున్నది లార్డ్ స్ట్రేంజ్ సమాజం. వాళ్లకు ఇది రెండో దెబ్బ. 1592 ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఆ సమాజం రోజ్‌లో వందకు పైగా ఆటలు వేసింది. చేతిలో ఇరవైకి మించిన నాటకాలుండేవి. నిన్న ఆడింది ఇవాళ ఆడేవారు కాదు. జూన్‌లో సదర్క్ పేటలో పని నేర్చుకునే కుర్రాళ్లు చేసిన అల్లరిని చూపి నాటకశాలలు మూయించారు. సెప్టెంబరు ఆఖరుకు తెరవాల్సింది, ఈలోగా ప్లేగు వచ్చిపడింది. డిసెంబరు 29న ఎలాగో తెరిచారు. నెల తిరిగేసరికి మళ్లీ తాళం. 1593లో లండన్‌లో ప్లేగుతో పోయినవాళ్లు పదివేలకు పైమాటే. నాటకశాల మూతపడితే నటుల పొయ్యి ఒక్కటే ఆరదు. ప్రేక్షకులను ఆ ఒడ్డుకు దాటించి పొట్ట పోసుకునే పడవవాళ్లు కూడా రోజ్‌ను తెరిపించమని ఆ రోజుల్లో లార్డ్ అడ్మిరల్‌కు అర్జీ పెట్టుకున్నారు.

అప్పటి నాటక సమాజం ఎలా నడిచేదో తెలిస్తే గానీ మహమ్మారి దాన్ని ఎక్కడ దెబ్బకొట్టిందో తెలియదు. సమాజంలో మూడు తరగతుల మనుషులుండేవారు. పెట్టుబడి పెట్టి, లాభనష్టాలు పంచుకునే వాటాదారులు మొదటి తరగతి. పెద్ద వేషాలు వాళ్లవే. వారం జీతానికి కుదిరే నటులు, సంగీతగాళ్లు, వేషాలు చూసుకునేవాళ్లు రెండో తరగతి. ఆడవేషాలు కట్టడానికి వాటాదారుల దగ్గర శిష్యరికం చేసే మగపిల్లలు మూడో తరగతి. వీళ్లందరి పైన పేరుకు ఒక ప్రభువు. 1572 నాటి చట్టం ప్రకారం ఏ ప్రభువు అండా లేని నటుడు దేశదిమ్మరి కిందే లెక్క. పట్టుకుంటే కొరడా దెబ్బలు. లార్డ్ స్ట్రేంజ్, లార్డ్ పెంబ్రోక్, లార్డ్ ససెక్స్ అనే పేర్లు సమాజాలకు తగిలించుకున్నది అందుకే. ఆ ప్రభువులు నెలనెలా తిండి పెట్టేవాళ్లు కారు, దారిలో పట్టుబడకుండా కాపాడేవాళ్లు. రాబడి మాత్రం తలుపు దగ్గర పడే పెన్నీలదే. తలుపు మూసుకుంటే మిగిలేది ప్రభువు పేరు, వేషాల పెట్టె, నటుల జ్ఞాపకశక్తి.

ఆ మూడింటితో బయల్దేరడమే వాళ్లు ఎంచుకున్న దారి. 1593 మే 6న స్ట్రేంజ్ సమాజానికి కౌన్సిల్ నుంచి ప్రయాణపత్రం దొరికింది. ఎడ్వర్డ్ ఆలెన్, విలియం కెంప్, థామస్ పోప్, జాన్ హెమింజెస్, ఆగస్టిన్ ఫిలిప్స్, జార్జ్ బ్రయన్ అనే ఆరుగురి పేర్లు అందులో ఉన్నాయి. లండన్‌కు ఏడు మైళ్ల అవతల, రోగం లేని ఏ ఊళ్లోనైనా ఆడుకోవచ్చు. ఊరు చేరగానే ముందు మేయరును చూడాలి, పత్రం చూపించాలి. ఆయన సరేనంటే మొదటి ఆట ఊరి సభామందిరంలో ఆయన ముందరే. దానికి ఊరి ఖజానా నుంచి పది షిల్లింగులో ఇరవై షిల్లింగులో సంభావనగా ముడుతుంది. తర్వాత ఏ సత్రం పెరట్లోనో డబ్బు వసూలు చేసి ఆడుకోవచ్చు. ప్లేగు కాలంలో ఈ పద్ధతి తలకిందులైంది. లండన్ నుంచి వచ్చిన బండి అంటే ఊళ్లకు దడ. కాదంటే ప్రభువుకు కోపం, ఔనంటే రోగం భయం. దాంతో కొన్ని ఊళ్లు ఆ సంభావనేదో చేతిలో పెట్టి, ఆడకుండానే వెళ్లిపొమ్మనేవి. ఊరి జమాఖర్చుల పుస్తకాల్లో ఆ పద్దులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆడినందుకూ ఆడనందుకూ డబ్బు పుట్టిన వృత్తి లోకంలో ఇంకోటి ఉందో లేదో గానీ, ఆడనందుకు వచ్చిన డబ్బు తర్వాతి ఊరిదాకా బత్తానికైనా సరిపోయేది కాదు.

సంచారానికి ఆ నాటకం పనికొచ్చిందంటే దాని కట్టుదిట్టం అలాంటిది. రంగులద్దిన తెరలు లేవు, స్థలాన్ని మాటల్లోనే చూపించేవారు. రాజు "ఇది అడవి" అంటే అది అడవే. కాబట్టి సభామందిరం ఒక మూల దొరికినా ఆట ఆగదు. నటుడికి నాటకం మొత్తం రాసివ్వరు, అతని పోర్షన్ మాత్రమే రాసిస్తారు. ఎదుటి పాత్ర చివర్లో పలికే రెండు మూడు మాటలు, దాని కింద ఇతను చెప్పాల్సింది, మళ్లీ అందుకోవాల్సిన మాట. సన్నటి కాగితపు పట్టీలు ఒకదానికొకటి అంటించి చుట్ట చుట్టేవారు. 'ఓర్లాండో ఫ్యూరియోసో'లో కథానాయకుడి వేషానికి ఆలెన్ వాడిన అలాంటి చుట్ట ఒకటి, ఆయనే స్థాపించిన డల్విచ్ కళాశాలలో నేటికీ ఉంది. ఆ కాలపు వృత్తి సమాజాల నుంచి మనకు దక్కిన పోర్షన్ అదొక్కటే. కాగితం ఖరీదు కలిసొచ్చేది, నాటకం పొరుగు సమాజం చేతిలో పడేది కాదు. అన్నిటికంటే మించి, ఎదుటివాడు ఎంతసేపు మాట్లాడతాడో తెలియని నటుడు చెవి ఒగ్గి వినక తప్పదు.

పోర్షన్లు చేతికిచ్చాక ఎవరెప్పుడు రంగం మీదికి రావాలో తెలియాలి. దానికి తెర వెనక కొయ్యకు తగిలించే అట్ట ఒకటుండేది. రంగాల వారీగా పాత్ర పేరు, పక్కన నటుడి పేరు. ఈ అట్ట లేకపోతే పదిమంది నటులతో ముప్పై నలభై వేషాలు నడపడం కల్ల. 1599లో లండన్ వచ్చిన థామస్ ప్లాటర్ అనే స్విస్ యాత్రికుడు 'జూలియస్ సీజర్' నాటకం చూసి, సుమారు పదిహేను మంది ఆడారని రాసుకున్నాడు. ఆ నాటకంలో మాట్లాడే పాత్రలే నలభై దాకా ఉంటాయి. పొద్దున చచ్చిన సేనాధిపతి సాయంత్రానికి టోపీ మార్చుకుని సేవకుడై వస్తాడన్నమాట. ఈ విద్య లండన్‌లో సౌకర్యం, దారిలో ప్రాణాధారం. తమ బలగం పెద్దది, ఇంతమందిని వెంటేసుకుని ఊళ్లు తిరగడం ఖర్చుకు తట్టుకోలేమని స్ట్రేంజ్ సమాజమే కౌన్సిల్‌కు మొరపెట్టుకుంది. తగ్గించుకోగలిగింది మనుషులనే, తగ్గించుకున్నారు. మిగిలినవాళ్ల జీతమూ నిలవలేదు. ఆ దశాబ్దం చివర్లో ఒక జీతగాడితో రోజ్ నాటకశాల యజమాని ఫిలిప్ హెన్స్‌లో రాయించుకున్న ఒప్పందంలో లండన్‌లో వారానికి పది షిల్లింగులు, ఊళ్లమీద తిరిగేటప్పుడు ఐదు అని ఉంది. ప్లేగు బరువు ముందు పడింది జీతగాళ్ల మీదే.

ఆ వేసవి ఎలా గడిచిందో చెప్పే ఉత్తరాలు కొన్ని మిగిలాయి. ఆలెన్‌కు పెళ్లై ఏడాది కూడా కాలేదు. భార్య జోన్, హెన్స్‌లోకు సవతి కూతురు. ఆగస్టు 1న బ్రిస్టల్ నుంచి ఆలెన్ ఆమెకు రాశాడు. ఇల్లు శుభ్రంగా ఉంచుకో, రోజూ సాయంత్రం వీధి వాకిట్లోనూ పెరట్లోనూ నీళ్లు చల్లించు, కిటికీల్లో సదాపాకు పెట్టు. గాలి చెడి రోగం వస్తుందని ఆనాటి నమ్మకం, సదాపాకు ఘాటు దాన్ని విరుస్తుందని ఆశ. ఆ తర్వాత ఉత్తరం ఇంటిపనుల్లోకి దిగుతుంది. నారింజ చాయ మేజోళ్లకు నల్లరంగు వేయించి ఉంచు, చలికాలానికి వేసుకుంటాను. పార్స్‌లీ మడి సెప్టెంబరులో ఖాళీ అవుతుంది, అందులో పాలకూర చల్లించు. మోయలేక తెల్ల చొక్కాయి ఒకటి తిప్పి పంపుతున్నాను. జవాబు ష్రూస్‌బరీకో చెస్టర్‌కో యార్క్‌కో వెళ్లే బండివాళ్లకు ఇచ్చి, స్ట్రేంజ్ నటులు వచ్చేదాకా అక్కడ ఉంచమను. ఇంటినుంచి వచ్చిన ఉత్తరం తనకు అందినప్పుడు నాటకం మొదలుపెట్టబోతున్నామని కూడా రాశాడు. దేశంలోకెల్లా పేరున్న నటుడికి ఏ వారం ఏ ఊళ్లో ఉంటాడో తనకే తెలియదు. పాలకూర మాట మాత్రం మరిచిపోలేదు.

హెన్స్‌లో రాసిన జవాబుల్లో అంత తీరిక లేదు. చుట్టుపక్కల ఇళ్లన్నీ రోగంతో ఉన్నాయి. షోర్డిచ్‌లో రాబర్ట్ బ్రౌన్ అనే నటుడి భార్య, పిల్లలు, ఇంట్లోవాళ్లంతా పోయారు, ఆ ఇంటి తలుపులు మూసేశారు. బ్రౌన్ ఆ సమయంలో జర్మనీలో ఆడుతున్నాడు. రోగం వచ్చిన ఇంటిని మనుషులతో సహా మూసివేయడం అప్పటి నియమం. సంచారం నటుణ్ణి కాపాడింది, నటుడి ఇంటిని కాదు.

సెప్టెంబరు 28 నాటి ఉత్తరంలో పెంబ్రోక్ సమాజం కబురు ఉంది. ఐదారు వారాలుగా వాళ్లంతా ఇళ్లలోనే ఉన్నారు. ఊళ్లు తిరిగితే ఖర్చులు కూడా రాలేదు, వేషాలు తాకట్టు పెట్టుకోవలసి వచ్చింది. ఈ ఒక్క మాట ఎంత బరువైందో వేషాల ధరలు చూస్తే తెలుస్తుంది. హెన్స్‌లో ఖాతాల కాలంలో ఒక కొత్త నాటకానికి రచయితకు దక్కేది ఆరు పౌండ్ల ప్రాంతం. వెండి బంగారు జరీ కుట్టిన నల్ల మఖమలు అంగీ ఒక్కదానికి ఆలెన్ లెక్కల్లో ఇరవై పౌండ్లకు పైనే పడింది. అంటే మూడు నాటకాల వెల ఒక అంగీ. తెరలు లేని ఆ రంగస్థలం మీద రాజసమంతా బట్టల్లోనే ఉండేది. వేషాలు తాకట్టుకు పోయాయంటే రాజులు, రాణులు, సేనలు అన్నీ పోయినట్టే. తర్వాత నాటకాల ప్రతులు బయటికొచ్చాయి. మార్లో రాసిన 'రెండో ఎడ్వర్డ్' 1594లో అచ్చైనప్పుడు ముఖపత్రం మీద పెంబ్రోక్ సేవకులు ఆడిన నాటకమని ఉంది. అదే ఏడాది వచ్చిన 'టైటస్ ఆండ్రోనికస్' ముఖపత్రం మీద డర్బీ, పెంబ్రోక్, ససెక్స్ అని వరసగా మూడు సమాజాల పేర్లున్నాయి. ఒక నాటకం రెండేళ్లలో ఎన్ని చేతులు మారిందో, ఎన్ని సమాజాల ముక్కలు ఎక్కడెక్కడ అతుక్కున్నాయో ఆ ఒక్క పుటే చెబుతుంది.

నాటకశాలలు మూతపడిన ఆ కాలంలో షేక్‌స్పియర్ కావ్యాల వైపు తిరిగాడు. 'వీనస్ అండ్ అడోనిస్' 1593లో, 'లుక్రీస్' 1594లో అచ్చయ్యాయి. రెండూ సౌతాంప్టన్ ప్రభువుకు అంకితం. నాటకం ఆగినప్పుడు రచయితకు పుస్తకం ఉంది, ప్రభువు ఉన్నాడు. వేషం కట్టేవాడికి ఆ వెసులుబాటు లేదు. 'కింగ్ లియర్'ను ప్లేగు నిర్బంధంలో రాశాడన్న మాట 2020 లాక్‌డౌన్‌లో లోకమంతా తిరిగింది. ఆ నాటకం 1606 డిసెంబరు 26న రాజు ముందు ఆడిన మాట, ఆ ఏడు ప్లేగు ఉన్న మాట నిజం. గదిలో ఒంటరిగా కూచుని రాశాడన్నది మాత్రం ఊహే. మహమ్మారిని ప్రతిభకు పురుడు పోసిన మంత్రసానిగా చూపించే ఇలాంటి కథల్లో పెంబ్రోక్ సమాజం జీతగాళ్లకు చోటుండదు.

1594 వేసవికి ప్లేగు తగ్గింది. స్ట్రేంజ్ ప్రభువు ఆ ఏప్రిల్‌లోనే చనిపోయాడు, ఆ సమాజం విడిపోయింది. ఆలెన్ అడ్మిరల్ సమాజానికి నాయకుడై రోజ్‌కు తిరిగొచ్చాడు. కెంప్, పోప్, హెమింజెస్, ఫిలిప్స్, బ్రయన్, వాళ్లతో రిచర్డ్ బర్బేజ్, షేక్‌స్పియర్ కలిసి లార్డ్ ఛాంబర్లేన్ సమాజమయ్యారు. ప్రయాణపత్రంలోని ఆరుగురిలో ఐదుగురు ఇందులోనే ఉన్నారు. ఆ పత్రం పట్టుకుని కలిసి బండి వెంట నడిచినవాళ్లు ఇప్పుడు ఒకే కప్పు కింద వాటాదారులు.

తర్వాతి ప్లేగుకు ఆ సమాజం స్థితి మారిపోయింది. 1603లో రాణి పోయి జేమ్స్ రాజయ్యాడు. మే నెలలో ఛాంబర్లేన్ సమాజం రాజుగారి సమాజమైంది. ఆ ఏడు లండన్‌లో ప్లేగు ముప్పైవేలకు పైగా ప్రాణాలు తీసింది. నాటకశాలలు దాదాపు ఏడాది మూతపడ్డాయి. డిసెంబరులో రాజు విల్టన్ భవనంలో ఉంటే సమాజం అక్కడికే వెళ్లి ఆడింది. 1604 ఫిబ్రవరిలో బర్బేజ్ చేతికి ముప్పై పౌండ్లు అందాయి. లండన్‌లో ఆడే వీల్లేనందున సమాజం పోషణకు ఇచ్చిన సొమ్ము అది. ఆ ఏప్రిల్‌లో నాటకశాలలు తెరుస్తూ కౌన్సిల్ ఒక అంకె పెట్టింది: వారంలో ప్లేగు మరణాలు ముప్పై దాటితే మళ్లీ మూత. పేటపేటకూ చర్చి గుమాస్తాలు కూడిన మరణాల పట్టీని నటులు అప్పటినుంచి ఆదాయ పట్టీగా చదువుకున్నారు. 1608లో బ్లాక్‌ఫ్రయర్స్ లోపలి నాటకశాల చేతికొచ్చాక ఏడాదికి పైగా అందులో ఆడలేకపోయారు. ఆ రోజుల్లో రాజు 1609లో నలభై, 1610లో ముప్పై పౌండ్లు ఇచ్చాడు. కారణం స్పష్టంగా రాసి ఉంది: రోగకాలంలో తమలో తాము సాధన చేసుకుని క్రిస్మస్‌కు రాజు ముందు ఆడగలిగేలా ఉండడానికి. ప్రేక్షకుడే లేని రిహార్సల్‌కు ఖజానా జీతమిచ్చింది.

1636 మే నుంచి 1637 అక్టోబరు దాకా వచ్చిన మూత అన్నింటికన్నా పొడవు. మధ్యలో ఒక్క వారం తెరిచి మళ్లీ మూశారు. రాజుగారి సమాజానికి కొలువు దగ్గరే ఉండమని వారానికి ఇరవై పౌండ్లు కట్టారు. రాణిగారి పేరు పెట్టుకున్న హెన్రియెటా సమాజానికి అలాంటి కట్టుబడి లేదు, అది చెదిరిపోయింది. వాళ్లు ఆడే కాక్‌పిట్ నాటకశాలలో పిల్లలతో, కుర్రనటులతో దాని యజమాని కొత్త సమాజం పెట్టుకున్నాడు.