రూట్‌కైనా పాస్ ఉండాల్సిందే

సూళ్లూరుపేటలో ఇంట్లో కూర్చుని, చెన్నైలో ఉన్న లినక్స్ సర్వర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఎక్కించాలనుకోండి. ఎస్‌ఎస్‌హెచ్‌తో లాగిన్ అయి, మామూలు యూజర్‌గా గడియారం ప్రోగ్రాం నడిపి చూస్తే విండో మన లాప్‌టాప్ మీద చక్కగా తెరుచుకుంటుంది. సరేనని సూడో కొట్టి రూట్ హోదాలో ఇన్‌స్టాలర్ మొదలుపెడితే 'కెనాట్ ఓపెన్ డిస్‌ప్లే' అని ఒక్క ముక్క చెప్పి ఆగిపోతుంది. సర్వర్‌లో ఏ ఫైలునైనా చెరిపేయగల రూట్‌కు ఒక్క విండో తెరిచే హక్కు లేకపోవడమేమిటని చిరాకు పుడుతుంది. నాకు మాత్రం ఆ 'కుదరదు' అనడంలోనే గొప్ప పనితనం కనిపిస్తుంది.

ఆ విండోను తెరిచే ఎక్స్ విండో సిస్టమ్ 1984లో ఎంఐటీలో, అథీనా ప్రాజెక్టులో పుట్టింది. బాబ్ షీఫ్లర్, జిమ్ గెటిస్ దానికి ప్రాణం పోశారు. ప్రోగ్రాం ఒక మెషీన్‌లో నడుస్తూ దాని విండో మరో మెషీన్ మీద కనిపించాలన్నది వాళ్ల పట్టుదల. అందుకే మన ముందున్న స్క్రీన్‌నూ కీబోర్డునూ ఎక్స్ సర్వర్ అనే ప్రోగ్రాంకు అప్పగించారు. దూరం నుంచి వచ్చినవాళ్ల హోదా దానికి అక్కర్లేదు, పాస్ కావాలి. పులికాట్ మీదుగా శ్రీహరికోట వెళ్లే రోడ్డు తెలిసిన మన ఊరివాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు: అక్కడి అంతరిక్ష కేంద్రం షార్ గేటు దగ్గర పాస్ అడుగుతారు.

ఈ పాస్ పేరు ఎంఐటీ-మ్యాజిక్-కుకీ-1. 128 బిట్ల రహస్య సంఖ్య అది, రాసి చూస్తే 32 హెక్స్ అంకెలు. సాధారణంగా యూజర్ హోమ్ ఫోల్డరులో డాట్ ఎక్స్‌అథారిటీ అనే ఫైల్లో, ఇతర యూజర్లు చదవడానికి వీల్లేకుండా ఉంటుంది. దీన్ని చూపిస్తూ ప్రోగ్రాం ఎక్స్ సర్వర్‌ను పలకరించే తొలి మాట మొత్తం 48 బైట్లే. సంఖ్యలను ఎటునుంచి చదవాలో మొదటి బైటు చెబుతుంది. ఆ బైటుతో పాటు ప్రోటోకాల్ వెర్షన్, పేరు పొడవు, కుకీ పొడవు 12 బైట్లలో సర్దుకుంటాయి. తర్వాత 18 బైట్ల పేరు, లెక్క నాలుగుతో భాగించబడేలా రెండు ఖాళీ బైట్లు, చివర 16 బైట్ల కుకీ. జవాబులో మొదటి బైటు 1 అయితే లోపలికి రావచ్చు. 0 అయితే వచ్చిన దారే.

ఎస్‌ఎస్‌హెచ్ చేసే పని ఇంకా ముచ్చటైనది. మన లాప్‌టాప్‌లోని అసలు కుకీ చెన్నైకి వెళ్లనే వెళ్లదు. అప్పటికప్పుడు అదే పొడవున్న నకిలీ కుకీ ఒకటి తయారుచేసి, దాన్ని సర్వర్‌లోని ఫైల్లో రాయిస్తుంది. అక్కడి ప్రోగ్రాం ఆ నకిలీనే పంపుతుంది. 48 బైట్లు సూళ్లూరుపేట చేరగానే ఇటువైపు ఎస్‌ఎస్‌హెచ్ వాటిని ఆపి, తానిచ్చిన నకిలీయేనా అని సరిచూసుకుని, ఆ 16 బైట్ల చోట అసలు కుకీ రాసి స్క్రీన్‌కు అందిస్తుంది. పొడవు ఒకటే కాబట్టి ఇంకే బైటూ కదలదు. సెషన్ ముగిశాక ఆ నకిలీ ఎవరి చేతిలో ఉన్నా చెల్లదు.

ఇక రూట్ సంగతి. సూడో సాధారణంగా విండో ఎక్కడ తెరవాలో చెప్పే డిస్‌ప్లే చిరునామాను తనతో తెస్తుంది గానీ, హోమ్ మారిపోవడంతో కుకీ కోసం రూట్ తన సొంత ఫైల్లో వెతుక్కుంటుంది. అక్కడ ఏముంటుంది? 'ఎస్‌యూ' పక్కన హైఫన్ పెట్టి రూట్‌గా మారితే డిస్‌ప్లే చిరునామా కూడా పోతుంది. మందు తేలికే: సూడో వెంటనే ఎక్స్‌అథారిటీ వేరియబుల్‌లో మన ఫైలు దారి ఇచ్చి, ఆపైన ఇన్‌స్టాలర్ పేరు రాయాలి. హోమ్ నెట్‌వర్క్ డ్రైవ్ మీద ఉంటే రూట్‌కు కూడా ఆ ఫైలు తెరుచుకోకపోవచ్చు. అప్పుడు ఎక్స్‌ఆథ్ లిస్ట్‌తో కుకీ చూసి, ఎక్స్‌ఆథ్ యాడ్‌తో రూట్ ఫైల్లో చేర్చాలి.

'ఎక్స్‌హోస్ట్ ప్లస్' కొట్టేయండి, పనైపోతుంది అని చెప్పేవాళ్లు చాలామంది. దయచేసి కొట్టకండి. అది కాపలానే ఎత్తేస్తుంది. ఎక్స్‌లో ఒకసారి లోపలికి వచ్చిన ప్రోగ్రాం పక్క విండోలో మీరు కొట్టే పాస్‌వర్డును కూడా వినగలదు. పైగా మనం చెప్పుకున్న సందర్భంలో దానివల్ల ఒరిగేదేమీ లేదు, నకిలీ కుకీని సరిచూసేది ఎస్‌ఎస్‌హెచ్ కాబట్టి. ఎదురుగా ఉన్న మెషీన్‌లోనే రూట్‌కు స్క్రీన్ కావాలంటే, ఆ ఒక్క యూజర్‌కే అనుమతినిచ్చే పద్ధతి అదే ఎక్స్‌హోస్ట్‌లో ఉంది: ప్లస్ తర్వాత 'ఎస్‌ఐ', 'లోకల్‌యూజర్', 'రూట్' అని కోలన్లతో కలిపి రాయాలి. పని కాగానే ప్లస్ చోట మైనస్ పెట్టి మళ్లీ కొడితే ఆ అనుమతి రద్దవుతుంది.