రాయి పోయాక రెండో వారం

వీపు కింద సెంటీమీటరు గాటు పెట్టి, కిడ్నీలోకి గొట్టం దించి, రాయిని పొడిచేసి బయటికి తీసే ఆపరేషన్‌ను పీసీఎన్‌ఎల్ అంటారు. స్వీడన్‌లో ఫెర్న్‌స్ట్రోమ్, యోహాన్సన్ 1976లో దీన్ని వైద్యలోకం ముందు పెట్టారు. గాటు చిన్నది కనుక నెత్తురు కూడా చిన్న సంగతే అనుకుంటాం. కానీ గుండె పంపే రక్తంలో సుమారు ఐదో వంతు, నిమిషానికి లీటరుకు పైగా, రెండు కిడ్నీల గుండా పోతుంది. పొట్ట కోసి చేసే ఆపరేషన్‌లోనైతే చేత్తో అదిమి పట్టవచ్చు. ఇక్కడ వేలు పెట్టే చోటు లేదు, నెత్తురు కారితే కెమెరాకు ఎరుపు తప్ప ఏమీ కనబడదు. కాబట్టి రక్తాన్ని అదుపు చేయడమన్నది సూది ఎక్కడ గుచ్చాలో నిర్ణయించే క్షణంలోనే మొదలవుతుంది. కిడ్నీలో మూత్రం చేరే చిన్న చిన్న గిన్నెలుంటాయి. గిన్నె అడుగు మధ్యలోంచి తిన్నగా పోతే పెద్ద నాళాలు తగలవు. పక్క నుంచి దాని మెడలోకి దూరితే, మెడను చుట్టుకున్న ధమనులు తెగుతాయి. నాళాలు పలుచగా ఉండే ఆ దారిని మాక్స్ బ్రోడెల్ అనే వైద్య చిత్రకారుడు 1901లోనే గీసి చూపించాడు.

ఇప్పుడు సన్నటి గొట్టాలు వచ్చాయి, ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్ ఉంది, ఇంకా భయమెందుకని అడగవచ్చు. రెండూ మేలు చేసేవే. అయితే ఆ మందు కట్టిన గడ్డ కరిగిపోకుండా కాపాడుతుందే గానీ తెగిన ధమనిని అతకదు. గొట్టం సన్నదైనా తప్పు దారిలో పోతే తప్పు దారే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ తర్వాతి రోజులు. దెబ్బతిన్న ధమని పక్కన రక్తం బుడగలా నిలిచి, ఒకటి రెండు వారాలకు పగలవచ్చు. నూటికి ఒకరికో, అంతకన్నా తక్కువ మందికో జరిగేదే, కానీ అప్పటికి మనిషి ఆసుపత్రిలో ఉండడు. సిరిసిల్లలో మరమగ్గం ముందు నిలబడి ఉంటాడు. కోరుట్లలోనో జగిత్యాలలోనో సెలవు అయిపోయి గల్ఫ్ విమానానికి పెట్టె సర్దుకుంటుంటాడు. తొడ దగ్గరి ధమనిలోంచి సన్నటి తీగ పంపి ఆ ఒక్క కొమ్మనే మూసేసే చికిత్స ఉంది, దానికి యాంజియోగ్రఫీ యంత్రమూ నిపుణుడూ కావాలి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి, మంచిదే. అయినా ఎక్కడికి పోవాలో, ఎప్పుడు పోవాలో ముందే తెలియకపోతే దగ్గరున్న ఆసుపత్రి కూడా దూరమే.

ఇవన్నీ చెబితే రోగి భయపడి ఆపరేషనే వద్దంటాడని కొందరు డాక్టర్లు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. వాయిదా వేసిన రాయి కిడ్నీనే తినేస్తుంది. కానీ మూత్రంలో ఎరుపు చూసి, వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి పడుకున్నవాడికి ఆ మౌనం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆపరేషన్‌కు ముందు రక్తం పలుచబరిచే మాత్రల గురించి అడిగినంత శ్రద్ధగానే, ఇంటికి పంపేటప్పుడు విమానం తేదీ అడగాలి, మోసే బరువుల గురించి అడగాలి. డిశ్చార్జి కాగితం మీద పెద్ద తెలుగు అక్షరాల్లో రాయాలి: మూత్రం చిక్కటి ఎరుపుగా వచ్చినా, గడ్డలు పడినా, కళ్లు తిరిగినా తెల్లారేదాకా ఆగకండి, ఈ నంబరుకు ఫోన్ చేసి బయల్దేరండి.