ఒక్క తీరున అయిదు కాయలు

రథసప్తమికి ముందు వచ్చు ఆదివారమున మా వత్సవాయిలో, పెరటి తోటల యందు ప్రీతి గల కొందరము కూడి ఏటేట జరుపుచున్న పువ్వుల, కూరగాయల ప్రదర్శనమును గూర్చి ఈ వారము వ్రాయదలచితిని. దానికి కార్యాలయము లేదు, ప్రవేశ రుసుము లేదు. బడి ఆవరణమున వేసిన యొక పందిరియు, ఇండ్ల నుండి మోసికొని వచ్చిన బల్లలును, వానిపై పరచిన తెల్లని దుప్పట్లును, అరటి ఆకులును, ఇంతియే దాని సంభారము. అయినను మిరప, ప్రత్తి తప్ప వేరొక పైరు మాట అరుదుగ వినవచ్చు ఈ నల్లరేగడి మెట్టసీమలో, ఎకరముల లెక్కకును క్వింటాళ్ళ లెక్కకును అందని ఇంటి వెనుక సెంటు నేల సేద్యమును పదిమంది యెదుట నిలిపి, దానికొక తీర్పును, ఆ తీర్పునకొక కారణమును చెప్పు రోజు సంవత్సరములో ఇది యొక్కటియే యగుట చేత, దానిని నడుపు పనిని నేను మిక్కిలి గౌరవముతో చూచుచున్నాను.

సంక్రాంతికే జరుపరాదా యని అడుగువారు కలరు. సంక్రాంతికి ఇండ్ల నిండ బంధువులు. ఎవరికిని తీరిక యుండదు. అంతకు మించిన కారణము చిక్కుడు. మన పాత తీగచిక్కుడు పగటి పొద్దు తగ్గిన గాని పూతకు రాదు. ఆషాఢమున గింజ పెట్టినను, శ్రావణమున పెట్టినను, చలికాలము చొచ్చిన తరువాతనే పూసి పుష్యమాఘములలో విరగగాచును. చిక్కుడు కాయలతో రథము కట్టి, చిక్కుడాకులలో పాయసము నివేదించు ఆచారము సప్తమినాటికి అమరియుండుటలో మన పూర్వుల ఋతుజ్ఞానము కానవచ్చుచున్నది. ఆ జ్ఞానమునే మేమును అనుసరించితిమి.

ఇట్టి ప్రదర్శనములు దక్షిణదేశమునకు క్రొత్త కావు. చెన్నపట్టణమున వ్యవసాయోద్యాన సంఘము 1835లోనే వెలసినది. ఉదకమండలపు వృక్షోద్యానమున పుష్పప్రదర్శనము 1896 నుండి జరుగుచున్నది. బెంగుళూరు లాల్‌బాగులో 1889లో పునాది వడిన గాజుమందిరము నందు, గణతంత్ర దినమునకును స్వాతంత్ర్య దినమునకును ఏడాదికి రెండు మారులు జరుగు ఉత్సవమును చూడ లక్షల జనము పోవుచున్నారు. దాని వెనుక 1912లో పుట్టిన మైసూరు ఉద్యానసంఘపు దీర్ఘకృషి కలదు. అచటి గాజుకప్పు క్రింద లక్షల పువ్వులతో గోపురములును రథములును నిర్మింపబడుట కన్నుల పండువ యనుటలో సందేహము లేదు. కాని నా మనస్సు నాకర్షించినవి అంతకంటె చిన్నవి. ఇంగ్లండులోని యార్క్‌షైరు సీమలో ఎగ్టన్ బ్రిడ్జి అను పల్లెలో 1800లో నెలకొనిన యొక సంఘము, గూస్‌బెర్రీ అను చిరుపండ్లను ఏటేట త్రాసున తూచి, ఎవరి పండు బరువైనదో తేల్చుచు నేటికిని సాగుచున్నది. స్కాట్లండులోని పెయిస్లీ పట్టణపు నేతగాండ్రు పదునెనిమిదవ శతాబ్దపు చివరి దినములలో, రేకు రేకునకు రంగుటంచు గల పింక్ పూలను మగ్గముల చెంతనే పెంచి, తమలో తాము పోటీలు నడుపుకొని, ఆ జాతి నొక మేలిరూపమునకు తెచ్చిరి. పగలెల్ల కండలు కరగించి పనిచేయువారు, ఎవరి ఆజ్ఞయు లేక, కేవలము చక్కదనమునకై నియమములు వ్రాసికొని వానికి కట్టుబడుట మానవస్వభావములోని ఉత్తమాంశములలో నొకటియని నా నమ్మకము. మా ప్రదర్శనము ఆ వంశమునకు చెందినదే కాని లాల్‌బాగు వంశమునకు చెందినది కాదు.

ప్రదర్శనము మాఘమున జరిగినను దాని పని జ్యేష్ఠమునందే మొదలగును. నియమపత్రము విత్తనము నేల పడక మునుపే ఇంటింటికి చేరవలెను. పంట చేతికి వచ్చిన తరువాత నియమములు చాటుట వలన ఉన్నవానిలో మేలైనవి యేరి తెచ్చుట తప్ప, మేలైనవానిని పెంచుట యన్నది జరుగదు. ఆ పత్రమున మేము వ్రాయునది మిక్కిలి కొద్ది: చిక్కుడు కాయలు అయిదు, వంకాయలు అయిదు, టమాటాలు అయిదు, పచ్చిమిరప పది, పొట్లకాయలు రెండు, సొరకాయ ఒకటి, బూడిద గుమ్మడి ఒకటి, పిదప చామంతి, గులాబి, ముద్దబంతి, కనకాంబరము. అయిదనిన చోట ఆరు పెట్టినను నాలుగు పెట్టినను ఆ పళ్ళెము పోటీకి రాదు. ఈ కాఠిన్యము కొందరికి నొప్పి కలిగించును. ఒక కాయ యెక్కువైన నష్టమేమి యని వారి ప్రశ్న. నియమము అందరికిని ఒకటియైన నాడే బీదయింటి పళ్ళెమును పెద్దయింటి పళ్ళెమును ఒక్క బల్లపై సమముగా కూర్చుండునని మా సమాధానము.

ఏల అయిదు? ఈ ప్రశ్నలోనే సర్వమును కలదు. ఒక్క పెద్దకాయ ఏ పాదుననైనను, ఏ యేటనైనను, దైవికముగా కాయవచ్చును. దానికి పెంచిన చేతి ప్రమేయము స్వల్పము. పొడవున, వంపున, రంగున, ముదురున ఒక్క తీరుననున్న అయిదు కాయలను ఒక్క ఉదయమున కోయగలుగుటకు మాత్రము విత్తనము శుద్ధమై యుండవలెను, నీరు వేళ తప్పక పారవలెను, పేను పురుగు కొననంటినప్పుడే చూచి తుంచవలెను, ముదిరిన కాయను చెట్టున నిలువనీయక నాడు నాటికి కోయుచుండవలెను. అందుచేత మా తీర్పరులు మొదట పరిమాణమును చూడరు. సామ్యమును చూతురు, తరువాత నిగనిగను చూతురు, ఆ మీదటనే పరిమాణము. గింజ ఉబికి కనబడు చిక్కుడు ముదిరినదని పక్కకు పోవును. వంకాయకు ముచ్చిక పచ్చగా, ముండ్లు బిరుసుగా నుండవలెను. అది వాడినచో కోసి దినము గడచినదని అర్థము. పొట్లకాయ నిటారుగా దిగుటకు పిందెనాడే కొనకు దారముతో చిన్నరాయి కట్టుట మన యింటింటి విద్య. ఆ రాయిని ఎప్పుడు కట్టవలెనో, ఎంత బరువున్నది కట్టవలెనో తెలిసిన చేయి ఏదో పళ్ళెమును చూచినంతనే తెలియును. బూడిద గుమ్మడిపై గల తెల్లని పొడి చెరగకుండ తొడిమ పట్టి మోసికొని రావలెను. దానిపై అయిదు వ్రేళ్ళ గురుతులు పడినచో ఎంత బరువైన కాయకైనను మార్కులు తగ్గును. పిల్లలు ఈ గుమ్మడికాయల చుట్టు చేతులు వెనుకకు కట్టుకొని తిరుగుట నాకు మిక్కిలి ఇష్టమైన దృశ్యము.

పువ్వుల విషయమున మాఘము మనకు పూర్తిగా అనుకూలము కాదు. మల్లెలు అప్పటికి లేవు. పారిజాతము తెల్లవారకముందే నేల రాలును. మందారము ఆనాడే విచ్చి ఆనాడే ముడుచుకొనును గాన, దానిని అన్నిటికంటె ముందు తీర్పు చేయవలెను. చామంతి రెండు దినములు బల్లపై నిలువగలదు. ఆ నిలుకడ వలన మాత్రమే దానికి బహుమతులు పోవుట తగదని వాదించి, అల్పాయువు గల పువ్వులకు వేరొక వరుస పెట్టించితిని.

బల్లలపై పేర్లుండవు, సంఖ్యలు మాత్రముండును. తీర్పరులు మా ఊరివారు కారాదు. ఉద్యానశాఖలో కొలువు చేసి విరమించినవారినో, ఆరితేరిన పెరటి రైతునో పొరుగు మండలమునుండి పిలుతుము. వారి పని ఉదయముననే ముగియును. అయినను సాయంకాలమువరకు వారిని నిలుపుదుము, ఏలయన, మా ప్రదర్శనమునకు ప్రాణమైన ఘట్టము అప్పుడు గాని రాదు. మిరపకోతలకు పోయినవారెల్లరు తిరిగివచ్చిన తరువాత తీర్పరి బల్లబల్లకును పోయి, మొదటి పళ్ళెమును రెండవ పళ్ళెమును చెరియొక చేత పట్టుకొని, ఇది మొదటిదెందుకు, అది రెండవదెందుకు అని విప్పి చెప్పవలెను. కారణము చెప్పని తీర్పు మా పందిరిలో చెల్లదు. ఒకయేడు వంకాయల బల్లవద్ద ఒక తల్లి నిలిచి, “అయ్యా, నా కాయల కేమి తక్కువ?” అని నిలదీసినది. ముచ్చికలు వాడినవని తీర్పరి చూపెను. “తెల్లవారుఝామున నేను కోతకు పోవలె, మీరు తొమ్మిదింటికి పళ్ళెములు తీసికొందురు, రాత్రియే కోసి పొరుగింట ఇచ్చిపోక మరేమి చేయుదును?” అని ఆమె యనెను. ఆ ప్రశ్నకు సమాధానముగా మరుసటి యేటినుండి పళ్ళెములు స్వీకరించు వేళ ఉదయము అయిదు గంటలకు మారినది. ఆ మార్పు తరువాత పోటీకి వచ్చు కూలి యిండ్ల పళ్ళెములు ఎంతగా పెరిగినవో చూచినవారికి, ప్రదర్శనమునకు వేళ నిర్ణయించుటయు నొక న్యాయవిచారణయే యని తోచును.

ఇక విత్తనముల సంగతి. అయిదు కాయల నియమములో ఒక చిక్కు కలదు; దానిని దాచుట తగదు. అంగడిలో దొరకు సంకర విత్తనము మొదటి తరమున ఒక్క అచ్చున పోసినట్లు కాయును గాన, సామ్యమునకే బహుమతి యన్నచో పొట్లము కొన్నవానికే అది పోవును. ఆ కాయనుండి తీసిన గింజ మరుసటి యేడు నాటినచో ఆ సామ్యము చెదరి, ఒకటి పొడవు, ఒకటి పొట్టి, ఒకటి చేదు. అందువలన ఇంటి విత్తనమునకు వేరొక బల్ల వేసితిమి. అచట కాయల పళ్ళెము ప్రక్కన అదే కాయ గింజలను చిన్నగిన్నెలో పెట్టవలెను. చిక్కుడు తన పువ్వులో తానే ఫలదీకరణము చెందునది గనుక ఇంటి గింజతో అయిదు ఒక్క తీరున తెచ్చుట కష్టము కాదు. సొర, బీర అట్లు కావు. సాయంకాలము విచ్చు ఆ పువ్వులపై వ్రాలు పురుగు పొరుగు పెరటి పుప్పొడిని తెచ్చి కలుపును. కొన్నేండ్లు వరుసగా నాణ్యమైన పాదునే విత్తనమునకు విడిచి, పగటివేళ ఆడమొగ్గను మగమొగ్గను దారముతో కట్టియుంచి, సందెవేళ విప్పి పుప్పొడి నద్ది, మరల కట్టు ఓపిక గలవారి యింటనే సొరజాతి నిలుచును. అట్టి పళ్ళెము ఎదుట నేను చేతులు జోడించి నిలిచిన సందర్భములు కలవు.

ఈ బల్ల విలువ మాకు మునేటి వరదలో బోధపడినది. 1898లో పోలంపల్లి వద్ద ఆనకట్ట కట్టిననాటినుండి పొలములకు నీరిచ్చుచున్న మునేరు, 2024 సెప్టెంబరు మొదటి దినములలో ఉగ్రరూపము దాల్చి ఒడ్డు ఊళ్ళ పెరళ్ళను ముంచివైచినప్పుడు, పందిళ్ళతో పాటు అటుకపైనున్న గింజల డబ్బాలును పెక్కిండ్ల తడిసి చెడినవి. దుకాణమున విత్తనము దొరకును. తాతనాటి తెల్లచిక్కుడు దొరకదు. అంతకుముందు మాఘమున ఆ బల్లపై గిన్నెలనుండి పిడికెడు పిడికెడుగా పంచికొన్న గింజలు మెట్టయూళ్ళ యిండ్ల భద్రముగా నుండుట చేత, అవి తిరిగి ఒడ్డు ఊళ్ళకు నడచిపోయినవి. కోతుల బెడద వలన పెరడు పెంచుటయే మానుకొన్నవారు మా ఊళ్ళలో కలరు. వారికి నా మనవి యొక్కటి. కాయలు మిగులకపోయినను సరే, వల కప్పిన ఒక్క చిక్కుడు పాదును విత్తనమునకై నిలుపుడు.

మీ యూరను ఇట్టి ప్రదర్శనము నడుపదలచినవారు జాగు చేయకుడు. ఇది జ్యేష్ఠమాసము, నియమపత్రము ఈ పక్షముననే వ్రాసి పంచుడు. తీర్పరిని పొరుగు మండలమునుండి పిలువుడు, కారణము చెప్పనిదే కదలనీయకుడు. బహుమతిని డబ్బుగా నీయకుడు. చిన్న పార యిండు, నీళ్ళ ఝారీ యిండు, అంతకంటె మేలుగా, మొదట వచ్చిన కాయ గింజలను రెండవవారికిని మూడవవారికిని పంచి యిండు. చిక్కుడు గింజలు లేనివారు మా ఊరు వచ్చి అడిగిన, తోటల వారెవరైనను పిడికెడు ఇత్తురు.