సొరంగము : ఒక శబ్దవిమర్శ

నూజివీటి మామిడితోటలలో వసంతమున కొమ్మపై కోకిల కూయుచుండును. మ్రాను లోపల కాండము తొలుచు పురుగు సొరంగము త్రవ్వుచుండును. పక్షి నాదమునకు ఆధారమైన అవయవమును జంతుశాస్త్రజ్ఞులు సిరింక్స్ అందురు. ఈ సిరింక్సును, ఆ సొరంగమును ఒకే గ్రీకుశబ్దమునుండి పుట్టినవని పలువురు పండితుల మతము. అది యెంతవరకు గ్రాహ్యమో పరిశీలింతము.

గ్రీకుభాషలో సిరింక్స్ అనగా రెల్లుతో చేసిన పిల్లనగ్రోవి. గొట్టమువలె లోపల బోలుగానున్న ఇతర వస్తువులకును ఆ పేరు వ్యాపించినది. ఈజిప్టున థీబ్సు కడ కొండను తొలిచి నిర్మించిన రాజసమాధుల దీర్ఘమార్గములను గ్రీకులు ఆ పేరనే పిలిచిరి. 1753లో లినేయసు లైలాకు పొదల ప్రజాతికి సిరింగా అను నామమును స్థిరపరచెను. బెండు తీసిన కొమ్మ గొట్టమగుటయే అందులకు హేతువందురు. వైద్యుని సిరంజియు ఈ కుటుంబములోనిదే. వస్తువులు వేరు, ఆకృతి యొక్కటి.

సంస్కృతమున సురుంగా శబ్దము అర్థశాస్త్రమునందును, భారతమున లాక్షాగృహ వృత్తాంతమునందును కన్పట్టుచున్నది. ధ్వనిసామ్యమొక్కటియే ప్రమాణమైనచో మేమీ వ్యుత్పత్తిని అంగీకరింపము. కాని సంస్కృతధాతువులనుండి దీనికి తృప్తికరమగు నిష్పత్తి లేదు. సురుంగా, సురంగా అని రూపము నిలుకడ లేక యున్నది. కోటముట్టడికై త్రవ్విన భూగర్భమార్గమను అర్థము ఉభయభాషలందును కలదు. ఈ మూడును కలిసినప్పుడే ప్రమాణము బలపడుచున్నది.

ఒట్టో స్టెయిన్ పండితుడు 20వ శతాబ్ది మూడవ దశకమున ఈ శబ్దము నాధారముగా గొని, అర్థశాస్త్రము మౌర్యచంద్రగుప్తుని కాలపుది కాజాలదని వాదించెను. వ్యుత్పత్తిని గ్రహించియు ఈ నిర్ణయమును మేము గ్రహింపజాలము. క్రీ. పూ. 326లోనే అలెగ్జాండరు పంజాబున యుద్ధము చేసెను. మెగస్తనీసు చంద్రగుప్తుని కొలువునకు దూతగా వచ్చెను. మాట చేరుటకు ఆ పరిచయము చాలును. అర్థశాస్త్రము అర్వాచీనమే కావచ్చును. అందులకు సాక్ష్యము వేరుగా వెదుకవలయును. ఒక్క మాటపై గ్రంథకాలమును నిలుపుట సాహసము.

నేటి పాఠ్యగ్రంథములు పక్షి సిరింక్సును శబ్దిని అనుచున్నవి. పనిని తెలుపు మంచి పేరే. కాని అన్యదేశ్యమగుటచే సిరింక్సు త్యాజ్యమను వాదము మాత్రము నిలువదు. అట్లైనచో సొరంగమును, జ్యోతిషములోని కేంద్రమును, హోరయు త్యాజ్యములే కావలయును. పురుగు తొలిచిన దారిని సొరంగమనునప్పుడు నూజివీటి రైతు దానిని పరాయిమాటగా నెంచుట లేదు. పారిభాషికపదమునకు యోగ్యత నిచ్చునది పుట్టుక కాదు, వాడుక.