అతిథి దేవుడికి ఎన్ని పాయింట్లు?

కథ, కవిత, నవల, నాటిక: వీటి సరసన ఈమధ్య ఒక కొత్త ప్రక్రియ వచ్చి కూర్చుంది. దీనికి లక్షణగ్రంథం ఇంకా ఎవరూ రాయలేదు గానీ, రాసేవాళ్ళు మాత్రం వీధికి పదిమంది తయారయ్యారు. దాని పేరు "అతిథి అనుభవం". పెద్ద హోటల్లో ఒక రాత్రి బస చేసి, మర్నాడు ఇంటికొచ్చి, ఆ హోటలువాళ్ళు తమని ఎలా చూసుకున్నారో పదిమందికీ తెలిసేలా రాయడం.

మా మేనల్లుడు ఉద్యోగరీత్యా నెలకి పదిహేను రోజులు హోటళ్ళలోనే వుంటాడు. వాడు రాసినవీ, వాడు చదవమని ఇచ్చినవీ కలిపి ఈ రకం రచనలు నేను చాలానే చదివాను. అంచేత వీటి లక్షణాలు నాకు బాగానే పట్టుబడ్డాయి. ఇందులో నాయకుడు ఎప్పుడూ రచయితే. ప్రతినాయకుడు వేణ్ణీళ్ళు రాని కుళాయి గానీ, రాత్రంతా గురకపెట్టే ఏసీ గానీ. కథ మలుపు తిరిగేది రిసెప్షన్ దగ్గర: "మీరు గోల్డ్ మెంబరు కదా సార్, సముద్రం కనిపించే గది ఇస్తున్నాం!" ఇక ముగింపు సరేసరి, అయిదు నక్షత్రాలకి నాలుగు.

చదవడానికి సరదాగానే వుంటాయి. కాని పది చదివాక ఒక అనుమానం పుడుతుంది. ఇందులో ఊరేదీ? మనుషులేరీ? విశాఖపట్నం గురించి చదివినా, హైదరాబాదు గురించి చదివినా ఒకటే పరుపు, ఒకటే పళ్ళబుట్ట, ఒకటే చిరునవ్వు.

మనవాళ్ళకి అతిథి అనుభవం రాయడం చేతకాదనుకుంటే పొరపాటు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. ఆయన రాసుకున్న కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. వెంట పెద్ద పరివారం, మోసేందుకు బోయీలు, సామానూ. అయినా ఆయన దృష్టి ఎంతసేపూ ఎక్కడుందంటారు? ఈ మజిలీలో సత్రం వుందా, నీళ్ళు మంచివేనా, అంగళ్ళలో ఏ వస్తువులు దొరుకుతాయి, తర్వాతి మజిలీకి దారి ఎలాంటిది. తనకి జరిగిన మర్యాద కన్నా, వెనక రాబోయే బాటసారికి ఏం కావాలన్నదే ఆయన బెంగ. తెలుగులో హోటలు సమీక్షకి ఆయన్ని ఆదిపురుషుడంటాను నేను. ఆ పుస్తకం పక్కన పెట్టి చూస్తే మా మేనల్లుడి రచన పళ్ళబుట్టలో ఎన్ని ద్రాక్షపళ్ళున్నాయో లెక్క చెప్పినట్టుంటుంది.

ఇంకా వెనక్కి వెళితే క్రీడాభిరామం వుంది. వినుకొండ వల్లభరాయుడి పేరుమీద వున్నా, శ్రీనాథుడిదేనని వాదించేవాళ్ళూ వున్నారు. ఆ తగువు పండితులకి వదిలేద్దాం. అందులో టిట్టిభసెట్టీ, మంచనశర్మా ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. అక్కడి పూటకూళ్ళింట్లో ఒక్క రూకకి దొరికే భోజనాన్ని కవి నోరూరేలా వర్ణించాడు. సన్నబియ్యపన్నం, గోధుమపిండి వంట, పంచదార, నెయ్యి, అరటిపళ్ళు. నాకు అందులో నచ్చింది వంటకాల పట్టిక కాదు. ఆ ఒక్క రూక! రూక ఇచ్చినవాడికల్లా అదే విస్తరి. నిన్న కూడా వచ్చాడు గనక ఈయనకి ఇంకో అరటిపండు, కొత్తవాడు గనక ఆయనకి నెయ్యి తక్కువ అనే లెక్క ఆ పద్యంలో ఎక్కడా లేదు.

ఈ లెక్క అమెరికాలో పుట్టింది. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్‌వాళ్ళు తమ విమానం ఎక్కినవాళ్ళకి మైళ్ళు లెక్కకట్టి బహుమతులివ్వడం మొదలుపెట్టారు. 1983లో హాలిడే ఇన్, మారియట్ హోటళ్ళు అదే దారి పట్టాయి. ఇప్పుడు పేరున్న ప్రతి హోటలు సంస్థకీ ఒక పథకం వుంది. వెండి, బంగారం, ప్లాటినం అని మెట్లు. ఏడాదిలో ఎన్ని రాత్రులు పడుకున్నారో దాన్నిబట్టి మెట్టు. మెట్టునిబట్టి మర్యాద: ఖాళీగా వుంటే పెద్ద గది, మధ్యాహ్నం కాస్త ఆలస్యంగా ఖాళీ చేసే వెసులుబాటు, విడిగా కూర్చునే లాంజి, ఖర్చుపెట్టిన డబ్బుకి పాయింట్లు. ఆ పాయింట్లకి గడువు కూడా వుంటుంది, పాలపాకెట్టు మీద తారీఖులాగ.

దీన్ని "లాయల్టీ" అంటారు. తెలుగులో విశ్వాసం అనాలి కాబోలు. ఎదటివాడు ఏమిచ్చినా ఇవ్వకపోయినా అంటిపెట్టుకుని వుండడాన్ని మనం విశ్వాసం అంటాం. రేపు పక్క హోటలువాడు రెండింతల పాయింట్లిస్తానంటే అటు గెంతేదానికి ఆ పేరెందుకు? మా మేనల్లుడినే అడిగాను. "అదంతే అత్తా, రెండు కార్డులూ వున్నాయి నా దగ్గర" అన్నాడు. పైగా గది అద్దె కట్టేది కంపెనీ, పాయింట్లు చేరేది వాడి ఖాతాలో. సొమ్మొకడిది, సోకొకడిది అని వూరికే అన్నారా పెద్దలు!

ఆ పాయింట్లు గడువు తీరిపోతాయని కిందటేడు మమ్మల్ని విశాఖపట్నంలో ఒక పెద్ద హోటలుకి పంపాడు. పేరెందుకులెండి. గది బాగుంది, సముద్రం ఇంకా బాగుంది. పొద్దున్న టిఫిను దగ్గర మాత్రం రెండు వరసలున్నాయి. కార్డువాళ్ళకొకటి, తక్కినవాళ్ళకొకటి. మా వెనకాల ఒక ముసలావిడ కర్ర పట్టుకుని నిలబడి వుంటే, అవతలి వరసలో కుర్రాళ్ళు నవ్వుకుంటూ లోపలికి వెళ్ళిపోయారు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు, అక్కడి పద్ధతది. ఇంటికొచ్చాక మా పాలావిడకి ఈ సంగతి చెబితే, "అదేటమ్మా, ఆకలి కూడా కార్డు సూసి ఏస్తాదేటి?" అంది. ఈ విషయంమీద ఇంతకన్నా మంచి విమర్శ నేనింతవరకూ చదవలేదు.

అతిథి మర్యాదకి పరాకాష్ఠ చూడాలంటే హైదరాబాదు ఫలక్‌నుమా కథ చెప్పుకోవాలి. పాయిగా నవాబు వికారుల్ ఉమ్రా 1884లో ఆ భవనానికి పునాది వేశారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అక్కడికి అతిథిగా వచ్చి, ఆ ఇంటిని చూసి ముచ్చటపడి, రోజులు గడుస్తున్నా కదల్లేదట. ఆతిథ్యం ఇచ్చినాయన చివరికి భవనమే సమర్పించుకున్నాడని చెప్పుకుంటారు. నిజాంగారు ప్రతిఫలం ముట్టజెప్పారనీ అంటారు. ఏ కార్డుకీ ఇంతటి బహుమతి లేదు! అదే భవనం 2010 నవంబరు నుంచి తాజ్‌వారి హోటలు. గుర్రపుబండిలో తీసుకొచ్చి, మెట్లెక్కుతుంటే పైనుంచి గులాబీ రేకులు చల్లుతారు. ఒకేసారి నూటొక్కమంది కూర్చునే భోజనాల బల్ల వుంది. 2017 నవంబరులో ప్రధాని నరేంద్ర మోదీ ఇవాంకా ట్రంప్‌కి విందు ఇచ్చింది ఇక్కడే. ఒక రాత్రికి నవాబులమవుదామనే సరదా మనుషులకి వుంటుంది, వుండనివ్వండి. ఆ అనుభవం రాసినవాళ్ళు గులాబీరేకుల గురించి రాసి, ఆ రేకుల్ని వూడ్చేవాళ్ళ గురించి ఒక్క వాక్యమైనా రాయరేమన్నదే నా ఫిర్యాదు.

ఇక్కడ మన ఆడవాళ్ళకి సంబంధించిన అసలు సంగతికి వస్తాను. మనుచరిత్రలో ప్రవరుడు అతిథిసేవకి పెట్టింది పేరు. కాని వండింది ఎవరు? వెయ్యిమంది వచ్చినా విసుక్కోకుండా, అర్ధరాత్రి తలుపు తట్టినా అన్నం పెట్టిన ఇల్లాలు. పెద్దనగారు ఆవిడని అన్నపూర్ణతో పోల్చారు, సంతోషం. తర్వాత సిద్ధుడొచ్చాడు, భోంచేశాడు, మెచ్చాడు. మెచ్చి పాదలేపం ఎవరికిచ్చాడు? ప్రవరుడికి! ఆయనగారు అది పూసుకుని హిమాలయాలు చూడ్డానికి ఎగిరిపోయాడు. చాకిరీ ఒకరిది, ఉచిత ప్రయాణం ఇంకొకరిది. తెలుగు సాహిత్యంలో మొట్టమొదటి లాయల్టీ బహుమతి అదేనేమో, అది కూడా చేరవలసిన ఖాతాలో చేరలేదు.

మా జిల్లా గొప్పదైన కన్యాశుల్కంలో దీనికి రెండోవైపు కనిపిస్తుంది. విజయనగరంలో పూటకూళ్ళు పెట్టుకుని బతికే ఆవిడ దగ్గర గిరీశం పాతకాపు. సంతలో సామాను తెస్తానని ఇరవై రూపాయలు పట్టుకెళ్ళి మధురవాణికి ఖర్చుపెడతాడు. నోరు మాత్రం ఆకాశమంత! ఇవాళ వుంటే గిరీశం తప్పకుండా ప్లాటినం మెంబరే. పూటకూళ్ళమ్మ మీద ఇంగ్లీషు ముక్కలు కలిపి రెండు పేజీల అతిథి అనుభవం దంచేసి వుండేవాడు. ఆవిడ పక్షం రాసేదెవరు? గురజాడవారు రాశారు. చీపురుకట్ట చేతికిచ్చి మధురవాణి ఇంటికి పంపారు. దెబ్బలు రామప్పంతులుకి తగిలాయి గానీ, ఆవిడ కోపం న్యాయమైనదేనని చూసేవాళ్ళందరికీ తెలుస్తుంది. ఇంత చేసినా లోకానికి ఆవిడ పూటకూళ్ళమ్మే, ఆవిడకో పేరుందని ఎవరికీ తోచదు. హోటల్లో పక్క సర్దే అమ్మాయి గుండెమీద పేరు రాసివున్న బిళ్ళ వుంటుంది. అది కూడా మనం చదవం.

ఇదంతా చెప్పి హోటళ్ళకి వెళ్ళొద్దంటానా? చచ్చినా అనను. నలభయ్యేళ్ళు ఇంటికొచ్చిన ప్రతివాడికీ కాఫీలు కలిపిన ఆడదానికి, పొద్దున్నే లేచి "ఇవాళ కూర ఏం చెయ్యాలి" అని ఆలోచించనక్కర్లేని ఒక రోజు దొరకడం సామాన్యమైన సుఖం కాదు. ఇంట్లో మనకి అతిథి పాత్ర ఎవరూ ఇవ్వరు. డబ్బిచ్చయినా ఒకసారి ఆ వేషం కట్టాలి. అందుకే చెబుతున్నాను, ఆ వేషంలో వున్నప్పుడు, పక్క సర్దేది మనలాంటిదేనని గుర్తుండాలి. మనకి తెలిసినంతగా ఆ పని విలువ మగవాళ్ళకి తెలియదు.

అసలు విశ్వాసం ఎక్కడుందో 2008 నవంబరు 26న బొంబాయి తాజ్ హోటల్లో లోకం చూసింది. తుపాకుల మధ్య వంటవాళ్ళూ, సర్వర్లూ, టెలిఫోన్ ఆపరేటర్లూ పారిపోకుండా నిలబడి, అతిథుల్ని వెనకదారుల్లోంచి తప్పించారు. సిబ్బందిలో పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ రాత్రి ఎవరి కార్డు ఏ రంగుదో ఎవరూ అడగలేదు. 1903లో తలుపులు తెరిచిన ఆ హోటలుకి గోపురం వల్ల వచ్చిన పేరు ఒక ఎత్తు, ఆ మనుషుల వల్ల వచ్చిన పేరు ఒక ఎత్తు.

ఈ సంగతులు నెల్లిమర్లలో కూర్చున్న నాకెందుకంటారేమో. జూట్ మిల్లు సైరనుతో పొద్దు లెక్కపెట్టుకున్న ఊరు మాది. పక్కనే వున్న భోగాపురంలో విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. విమానాల వెంట పెద్ద హోటళ్ళు రావడం ఎక్కడైనా జరిగేదే. వాటిల్లో బస చేసేది ఏ దేశంవాళ్ళో గానీ, చీర కుచ్చిళ్ళు సర్దుకుని "నమస్కారం" చెప్పబోయేదీ, దుప్పట్లు మార్చబోయేదీ మా చుట్టుపక్కల డిగ్రీ చదువుతున్న ఆడపిల్లలే. వాళ్ళ జీతం పెంపూ, మందలింపూ కూడా ఎవడో అతిథి ఇచ్చే నక్షత్రాల మీద ఆధారపడవచ్చు. కాఫీ చల్లారిందని ఒక నక్షత్రం కోసేవాడు, ఆ కోత ఎవరి ఇంటి బియ్యం డబ్బాలో పడుతుందో ఆలోచించడు. అంచేత ఈ ప్రక్రియని సరదా రాతగా కొట్టిపారెయ్యడానికి వీల్లేదు.

కనక రాయదల్చుకున్న సోదరీమణులకి నా మనవి. రాయండి, వీరాస్వామయ్యగారి పద్ధతిలో రాయండి. మెట్లెక్కలేని పెద్దవాళ్ళకి దారి వుందా, ఒంటరిగా వెళ్ళిన ఆడదానికి తలుపు గడియ గట్టిగా వుందా, పసిపిల్లకి అర్ధరాత్రి పాలు కాచి ఇస్తారా, ఇవి రాయండి. బిల్లు చదవండి. సర్వీసు చార్జీ దానంతటదే బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. కలిపితే తీసెయ్యమని మర్యాదగా అడగండి. ఆ మిగిలిన దాంట్లో కొంత, గది సర్దిన అమ్మాయి చేతిలో నేరుగా పెట్టండి. తప్పు జరిగితే ముందు మేనేజరుకి చెప్పండి, సర్దుబాటు కాకపోతే అప్పుడు నక్షత్రాలు కొయ్యండి.

పాయింట్లంటారా, వస్తే వాడుకోండి, తప్పులేదు. మా మేనల్లుడివి మళ్ళీ పోగయ్యాయిట. ఈసారి వాణ్ణి కాదని వాళ్ళావిడ పేరు మీద గది రాయించమన్నాను. పాదలేపం ఈసారైనా వండినవాళ్ళకి దక్కనీ!