మనసును కొలిచే పని

హైదరాబాద్‌లోని మదీనాగూడ లాంటి ఐటీ ఉద్యోగుల కాలనీల్లో సైకాలజీ డిగ్రీ అనగానే ‘అయితే నా మనసులో ఏముందో చెప్పు’ అన్న వేళాకోళం ఎదురవుతుంది. నిజానికి ఆ చదువు నేర్పేది మనసులు చదవడం కాదు, చదివేశామన్న నమ్మకాన్ని అనుమానించడం. మనస్తత్వ శాస్త్రవేత్త స్ట్రూప్ 1935లో ప్రచురించిన ప్రయోగమే చూడండి. పచ్చ సిరాతో ‘ఎరుపు’ అని రాసి, సిరా రంగేమిటో చెప్పమంటారు. నాలుక తడబడుతుంది. స్టాప్‌వాచ్ ఆ తడబాటును సెకన్లలో పట్టేస్తుంది. చదవడం వచ్చినవాళ్లు చదవకుండా ఉండలేరు మరి! ఇద్దరు తడబడితే అది అందరి సంగతీ అయిపోదని చెప్పడానికే స్టాటిస్టిక్స్. కథలు వినొచ్చని చేరినవాళ్లకు చుక్కలు కనిపించేది ఇక్కడే.

సైకాలజీ ప్రయోగాలే నిలబడవు కదా అంటారు కొందరు. 2015లో ప్రచురితమైన ఒక తనిఖీలో వంద అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే సగం కూడా పాత ఫలితాన్నివ్వలేదు. కానీ ఆ తనిఖీ చేసింది బయటివాళ్లు కాదు, ఈ శాస్త్రం వాళ్లే. ఒట్టి డిగ్రీతో వైద్యం చేయలేరన్నదీ నిజమే. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే పై చదువూ, రిజిస్ట్రేషనూ ఉండాలి. ఆ హద్దు తెలిసిన విద్యార్థి, నైట్ షిఫ్టులతో నిద్ర కరువైన స్నేహితుడి మీద సలహాలు గుప్పించడు. ఎన్నాళ్లుగా ఇలా ఉందని అడుగుతాడు, వింటాడు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 రాసిస్తాడు.